మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ తీసేశాం, కెర్నల్ బిల్డ్ అయింది, బూట్ కూడా అయింది, మరి హ్యాంగ్ ఎందుకవుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తా, తేడా ఉంటే సరిచేయండి. మీ టీమ్ లినక్స్ కెర్నల్ ట్రీ (సోర్స్ కోడ్ కాపీ) 6.1 బేస్ మీద ఉంది, ఆర్మ్64 బోర్డు, పైన మీ సొంత ప్యాచ్‌లు ఓ కట్ట. చాలాకాలం స్టేబుల్ (అప్‌స్ట్రీమ్, అంటే అసలు కెర్నల్ వాళ్ళు, 6.1కి ఇచ్చే ఫిక్స్ రిలీజ్‌లు) మెర్జ్ చేయకుండా వదిలేసి ఇప్పుడు 6.1.20ల నుంచి ఒక్క దూకులో బాగా పైకి లాగారు. పేజ్ ఫాల్ట్ హ్యాండ్లర్ ఉండే ఫాల్ట్.సి ఫైల్లో కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, మన ప్యాచ్ పోకూడదని గిట్‌లో చెకౌట్ ఆవర్స్ (మన వైపు కోడే ఉంచే కమాండ్) కొట్టారు. తర్వాత బిల్డ్ చేస్తే ఎక్స్‌పాండ్_స్టాక్ ఫంక్షన్ దగ్గర ఆర్గ్యుమెంట్లు కలవట్లేదని ఎర్రర్, దాన్ని కొత్త హెడర్ చూసి సరిచేశారు. బూట్ అయింది, టెస్టులు పాసయ్యాయి, కానీ అప్పుడప్పుడు ఏదైనా యాప్ క్రాష్ అయితే ఆ ప్రాసెస్ చావట్లేదు, డి స్టేట్‌లో (లాక్ లాంటిదాని కోసం ఆగిపోయిన నిద్ర) ఇరుక్కుపోతోంది, పీఎస్ (ప్రాసెస్‌ల లిస్ట్ చూపే కమాండ్) కొడితే పీఎస్ కూడా ఆగిపోతోంది, డీమెస్గ్‌లో (కెర్నల్ లాగ్) టాస్క్ 120 సెకన్లకి పైగా బ్లాక్ అయిందని మెసేజ్. ఇదేగా?

పీఎస్ కూడా ఆగిపోతోంది అన్నారు చూడండి, అక్కడే సగం జవాబు ఉంది. పీఎస్ ప్రతి ప్రాసెస్ కమాండ్ లైన్ చదవాలంటే ఆ ప్రాసెస్ మెమరీలోకి తొంగిచూడాలి, దానికి ఆ ప్రాసెస్ ఎంమ్యాప్_లాక్‌ని (మెమరీ మ్యాప్‌ని కాపాడే లాక్, రీడ్‌లో చాలామంది, రైట్‌లో ఒక్కరే పట్టుకోగలరు) రీడ్ కోసం తీసుకోవాలి. అది ఆగిందంటే ఆ లాక్ దగ్గర ఎవరో రైటర్ క్యూలో ఉన్నాడు, వాడి వంతు ఎప్పటికీ రావట్లేదు. అంటే లాక్‌ని ఎవరో పట్టుకుని వదల్లేదు, లేదా ఒకసారి పట్టుకుని రెండుసార్లు వదిలారు. కొత్తవాళ్ళు మొదటిదే వెతుకుతారు, మీ కేసులో రెండోది.

మీరు మార్చిన ఆ ఎక్స్‌పాండ్_స్టాక్ సంగతి చూద్దాం. 2023 మధ్యలో స్టాక్‌రాట్ అని పేరుపడ్డ బగ్ ఒకటి బయటపడింది, దాని సెక్యూరిటీ నంబర్ సీవీఈ-2023-3269. యూజర్ స్టాక్ కిందికి పెరగాల్సినప్పుడు కెర్నల్ ఆ వీఎంఏ (ప్రాసెస్ మెమరీలో ఒక ముక్క వివరాలు) హద్దుని కిందికి జరపాలి కదా, ఆ పని ఎన్నో ఏళ్ళుగా ఎంమ్యాప్ లాక్‌ని రీడ్‌లో పట్టుకునే చేసేవారు, రైట్‌లో కాదు. వీఎంఏలని దాచే పాత రెడ్ బ్లాక్ ట్రీ ఉన్నన్నాళ్ళు అది నడిచింది, ఎందుకంటే హద్దు జరిపినా ట్రీ ఆకారం మారదు. 6.1లో దాని స్థానంలో మేపుల్ ట్రీ వచ్చింది, ఇప్పుడు హద్దు జరిగితే ట్రీ నోడ్ మొత్తం కొత్తది రాసి పాతది ఫ్రీ చేసే అవకాశం ఉంది, అదే సమయంలో రీడ్ లాక్ పట్టుకుని ఇంకో థ్రెడ్ ఆ పాత నోడ్ చదువుతుంటే ఫ్రీ అయిన మెమరీ చదివినట్టే. లాకింగ్ కోడ్‌లో ఒక్క లైను మారలేదు, కింద డేటా స్ట్రక్చర్ మారింది, దాంతో పాత రూల్ చెల్లకుండా పోయింది. లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా కూర్చుని, స్టాక్ పెంచాలంటే రైట్ లాక్ ఉండాల్సిందే అనే రూల్ పెట్టి, లాక్_ఎంఎం_అండ్_ఫైండ్_వీఎంఏ అని కొత్త హెల్పర్ రాసి, ఆర్కిటెక్చర్ల ఫాల్ట్ హ్యాండ్లర్లని దానికి మార్చారు. అది 6.4.1లో, మీకు సంబంధించినంతవరకు 6.1.37లో వచ్చింది. మీ మెర్జ్ ఆ 6.1.37ని దాటుకుంటూ వెళ్ళింది.

ఇప్పుడు పాత ఎక్స్‌పాండ్_స్టాక్‌కీ కొత్తదానికీ తేడా చూడండి, పేరు అదే. పాతది వీఎంఏ, అడ్రస్ తీసుకుంటుంది, సక్సెస్ అయితే సున్నా ఇస్తుంది, లాక్ జోలికి పోదు, పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంటుంది. కొత్తది ఎంఎం (ప్రాసెస్ మెమరీ మొత్తం వివరాలు), అడ్రస్ తీసుకుంటుంది, సక్సెస్ అయితే వీఎంఏ పాయింటర్ ఇస్తుంది, మధ్యలో రీడ్ లాక్ వదిలేసి రైట్ లాక్ తీసుకుని, వీఎంఏని మళ్ళీ వెతికి, పెంచి, తిరిగి రీడ్‌కి దిగుతుంది. ఫెయిల్ అయితే నల్ ఇస్తుంది, *అప్పటికే లాక్ వదిలేసి ఉంటుంది*. ఈ ఆఖరి ముక్క హెడర్లో కనపడదు, ఫంక్షన్ పైన కామెంట్లో ఉంటుంది. మీరు ఆర్గ్యుమెంట్లు సరిచేశారు, సున్నా కాకపోతే ఫెయిల్ అనే చెక్‌ని తిప్పి నల్ అయితే ఫెయిల్ అని కూడా రాసే ఉంటారు, లేకపోతే బూట్ కూడా అయ్యేది కాదు. కానీ ఫెయిల్ అయితే బ్యాడ్‌మ్యాప్ (చెల్లని అడ్రస్ అనే కోడ్) రిటర్న్ చేసి వచ్చేశారు, పైన కాలర్ మామూలుగా ఎంమ్యాప్_రీడ్_అన్‌లాక్ కొట్టాడు. లేని లాక్‌ని వదిలినట్టు. ఆర్‌డబ్ల్యూసెమ్ (ఎంమ్యాప్ లాక్ లోపల ఉండే రీడ్-రైట్ లాక్) కౌంట్ సున్నా కంటే కిందికి పోయింది, ఇక సున్నాకి రాదు, తర్వాత వచ్చే రైటర్ ఎవరైనా సరే (క్రాష్ అయిన ప్రాసెస్ మెమరీని ఫైల్లో దాచే కోర్ డంప్ రాసేవాడు, వేరే థ్రెడ్‌లో ఎంమ్యాప్ పిలిచేవాడు) శాశ్వతంగా వెయిటింగ్. వాడి వెనకాల పీఎస్.

రెండో బగ్ కూడా పక్కనే కూర్చుని ఉంటుంది, చూడండి. కొత్త ఫంక్షన్ ఇచ్చిన పాయింటర్‌ని వీఎంఏ వేరియబుల్‌లోకి తీసుకున్నారా, లేక కేవలం నల్ అవునా కాదా అని చెక్ చేసి వదిలేశారా? వదిలేసి ఉంటే కింద లైన్లలో వాడేది లాక్ వదలకముందు దొరికిన పాత పాయింటర్. మధ్యలో లాక్ చేయి జారింది కాబట్టి ఆ పాయింటర్‌కి విలువ లేదు. ఇది హ్యాంగ్ అవ్వదు, ఇంకా ఘోరం, ఎప్పుడో ఓసారి మెమరీ కరప్షన్ అవుతుంది, కేఏశాన్ (తప్పుడు మెమరీ వాడకాన్ని పట్టే కెర్నల్ టూల్) ఆన్ చేసి ఉంటే తప్ప ఎక్కడ మొదలైందో దొరకదు.

మరి టెస్టుల్లో ఎందుకు రాలేదంటే, ఈ ఫెయిల్ దారిలోకి వెళ్ళడం అంత ఈజీ కాదు. మామూలు నల్ పాయింటర్ క్రాష్‌లో ఫైండ్_వీఎంఏకి దొరికేది ప్రోగ్రామ్ మొదట్లో ఉండే వీఎంఏ, అది కిందికి పెరిగే రకం కాదు, కాబట్టి ఎక్స్‌పాండ్_స్టాక్ పిలవకుండానే బయటకొచ్చేస్తుంది, అక్కడ అన్‌లాక్ కరెక్టే. మెయిన్ థ్రెడ్ స్టాక్ లిమిట్ దాటినప్పుడు, లేదా స్టాక్ కింద ఉన్న ఖాళీలో ఎక్కడో పిచ్చి అడ్రస్ తాకినప్పుడు మాత్రమే ఆ దారి. మిగతా థ్రెడ్ల స్టాక్‌లు మామూలు ఎంమ్యాప్ ముక్కలు, పెరగవు, వాటికీ ఇది తగలదు. అందుకే రిప్రొడ్యూస్ చేయడానికి రోజుల తరబడి సోక్ టెస్ట్ పెట్టక్కర్లేదు: తనని తాను ఆపకుండా పిలుచుకునే ఫంక్షన్ ఒకటి మెయిన్‌లోంచి పిలిచే నాలుగు లైన్ల సి ప్రోగ్రామ్ రాయండి, ఆప్టిమైజేషన్ తీసేసి కంపైల్ చేయండి (ఉంటే కంపైలర్ దాన్ని లూప్ చేసేస్తుంది), యూలిమిట్‌తో కోర్ డంప్ ఆన్ చేసి రన్ చేయండి. నా అంచనా కరెక్ట్ అయితే మొదటి రన్‌లోనే దొరుకుతుంది. లాక్‌డెప్ (లాక్ తప్పుల్ని నడుస్తుండగా పట్టే కెర్నల్ చెకర్) ఆన్ చేసిన కెర్నల్ అయితే బ్యాడ్ అన్‌లాక్ బ్యాలెన్స్ డిటెక్టెడ్ అని అరుస్తుంది, ఏ ఫంక్షన్‌లోనో కూడా చెప్తుంది.

ఫిక్స్ ఏంటంటే, మీరు పెట్టిన ప్యాచ్‌ని ప్యాచ్ చేయొద్దు. ఆ ఫైల్‌ని పూర్తిగా అప్‌స్ట్రీమ్ వెర్షన్‌కి తెచ్చి, దాని మీద మీ సొంత మార్పుని చేత్తో మళ్ళీ రాయండి. కొత్త కోడ్‌లో వీఎంఏ దొరకకపోతే అన్‌లాక్‌ని దాటి కింద ఉన్న లేబుల్‌కి గోటూ వెళ్తుంది, మీ మార్పులో ఏదైనా ఎర్రర్ దారి ఉంటే అది లాక్ ఉన్నప్పటిదా లేనప్పటిదా చూసి ఏ లేబుల్‌కి వెళ్ళాలో మీరే తేల్చాలి. ఇది ఎవరూ టూల్‌తో చేసిపెట్టరు.

ఇక అసలు విషయం, ఎందుకంటే ఇదొక్కటే అయితే ఇంత రాయను. మీ ట్రీలో ఇలాంటివి ఇంకా ఉంటాయి, అందులో ఎక్కువ గిట్ కాన్‌ఫ్లిక్ట్ అని చూపించనివే. నేను జూనియర్లకి చెప్పేది ఒకటే: లాకింగ్ కోడ్‌లో కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఎడిటర్ తెరిచేముందు ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయండి. అటు కమిట్ ఏ రూల్ మార్చింది, ఇటు కమిట్ ఏ రూల్ నమ్ముకుని ఉంది. రూల్ అంటే ఏ డేటాని ఏ లాక్ కాపాడుతుంది, ఎవరు తీసుకుని ఎవరు వదులుతారు, ఏ ఆర్డర్‌లో తీసుకుంటారు, పట్టుకుని నిద్రపోవచ్చా లేదా. ఈ రెండు వాక్యాలు రాయలేకపోతే మీకు ఆ కోడ్ మెర్జ్ చేసే స్థితి ఇంకా రాలేదన్నట్టు, వెళ్ళి కమిట్ మెసేజ్ చదవండి. లాకింగ్ ప్యాచ్‌ల్లో చాలాసార్లు డిఫ్ కంటే మెసేజ్ పొడుగ్గా ఉంటుంది, ఊరికే ఉండదు.

మీ కేసులో కాగితం ఇలా ఉండేది: "అటు: స్టాక్ పెంచాలంటే రైట్ లాక్, ఫెయిలైతే లాక్ ఉండదు. ఇటు: ఫెయిలైనా లాక్ చేతిలోనే ఉంటుందని మా కోడ్ నమ్ముతోంది." రాసి ఉంటే ఆవర్స్ కొట్టేవారు కాదు.

ఆవర్స్ గురించి కూడా, చాలామందికి ఇది సరిగ్గా తెలియట్లేదు. చెకౌట్ ఆవర్స్ అంటే కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన ముక్కలే కాదు, ఫైల్ మొత్తం మీ వైపుది వచ్చేస్తుంది, అదే ఫైల్లో సవ్యంగా మెర్జ్ అయిన స్టేబుల్ ఫిక్స్‌లు కూడా చప్పుడు లేకుండా పోతాయి. మెర్జ్ కమాండ్‌కి పెద్ద ఎక్స్‌తో ఇచ్చే ఆవర్స్ వేరు, అది కాన్‌ఫ్లిక్ట్ ముక్కల్లో మాత్రం మనది ఉంచి మిగతా చోట్ల వాళ్ళది కలుపుతుంది. లాకింగ్‌లో ఇది ఇంకా ప్రమాదం నా దృష్టిలో, లాక్ తీసుకోవడం వాళ్ళ పద్ధతి, వదలడం మన పద్ధతి అయి కూర్చుంటుంది. చిన్న ఎస్‌తో ఇచ్చేదైతే వాళ్ళ మార్పులన్నీ మొత్తానికే పారేస్తుంది. పైగా రీబేస్‌లో ఆవర్స్ థెయిర్స్ తారుమారు. కెర్నల్ బేసిక్ కోడ్ మీద, అంటే కెర్నల్/లాకింగ్ డైరెక్టరీ, ఎంఎం, షెడ్యూలర్, ఈ మూడింట్లో ఈ షార్ట్‌కట్లు ఏవీ వాడొద్దు, ఇది నా టీమ్‌లో రూల్.

ముందు గిట్ కాన్‌ఫిగ్‌లో కాన్‌ఫ్లిక్ట్ స్టైల్‌ని జెడ్‌డిఫ్3 చేయండి, గిట్ 2.35 నుంచి ఉంది, పాతదైతే డిఫ్3. మామూలుగా గిట్ మనదీ వాళ్ళదీ రెండే చూపిస్తుంది, ఇది మధ్యలో బేస్ కూడా చూపిస్తుంది, అంటే విడిపోకముందు ఎలా ఉండేదో. లాకింగ్‌లో బేస్ చూడకుండా ఎవరు ఏం మార్చారో చెప్పడం అసాధ్యం, అన్‌లాక్ లైను ఒకవైపు లేదంటే వాళ్ళు తీసేశారా మనం కలిపామా? తర్వాత గిట్ లాగ్ మెర్జ్ అని ఆప్షన్ ఇస్తే ఆ కాన్‌ఫ్లిక్ట్ ఫైళ్ళని రెండువైపులా ముట్టుకున్న కమిట్లు మాత్రమే చూపిస్తుంది. చేసిన మెర్జ్‌ని రివ్యూ చేయాలంటే గిట్ షోకి రీమెర్జ్‌డిఫ్ ఆప్షన్, 2.36 నుంచి, అది మెర్జ్‌ని మళ్ళీ తనంతట చేసి మీరు చేత్తో ఏం తేడా చేశారో అంతే చూపిస్తుంది. మీ మెర్జ్ కమిట్ మీద ఇప్పుడే అది కొట్టి చూడండి, చేతి పని అంతా బయటపడుతుంది.

ఇప్పుడు గిట్ చెప్పని కాన్‌ఫ్లిక్ట్‌ల సంగతి, నిజంగా తలనొప్పి ఇక్కడే. గిట్‌కి లైన్లు తెలుసు, లాక్ అంటే తెలీదు. మీ డ్రైవర్ ఐఆక్టల్ (యాప్ డ్రైవర్‌కి కమాండ్ ఇచ్చే దారి) ఫంక్షన్‌లో మీవాళ్ళు మధ్యలో ఒక చెక్ పెట్టారనుకోండి, డివైస్ సస్పెండ్‌లో ఉంటే ఈబిజీ (బిజీ అనే ఎర్రర్) రిటర్న్. అదే ఫంక్షన్‌లో స్టేబుల్‌లో ఎవరో రేస్ (రెండు థ్రెడ్లు ఒకే డేటా మీద ఒకేసారి పడటం) ఫిక్స్ చేస్తూ మ్యూటెక్స్_లాక్‌ని ఫంక్షన్ మొదట్లోకి జరిపారు. ఇద్దరి లైన్లూ దూరం దూరంగా ఉన్నాయి, గిట్ రెండూ కలిపేసి క్లీన్ మెర్జ్ అంటుంది. ఫలితం ఏంటి, మీ రిటర్న్ ఇప్పుడు లాక్ పట్టుకునే బయటికి వెళ్ళిపోతోంది. రివ్యూలో ఎవరూ చూడరు ఎందుకంటే కాన్‌ఫ్లిక్ట్ లిస్ట్‌లో ఆ ఫైలే లేదు. లాక్‌డెప్ అయితే సిస్టమ్ కాల్ అయిపోయేటప్పుడు లాక్ హెల్డ్ వెన్ రిటర్నింగ్ టు యూజర్ స్పేస్ అని చెప్తుంది, కానీ ఆ సస్పెండ్ దారి ఒక్కసారైనా నడిస్తేనే. స్మ్యాచ్ అనే స్టాటిక్ చెకర్ మాత్రం రన్ చేయకుండానే ఇన్‌కన్సిస్టెంట్ రిటర్న్స్ అని పట్టేస్తుంది, ఇలాంటి వాటికి నాకు తెలిసి అంతకంటే చవకైన మందు లేదు. స్పార్స్ అనే ఇంకో చెకర్ కూడా కాంటెక్స్ట్ ఇంబ్యాలెన్స్ అని చెప్తుంది గానీ స్పిన్‌లాక్‌ల (నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్‌లు) వరకే పనికొస్తుంది, మ్యూటెక్స్‌లకి దాని మీద ఆధారపడకండి.

మీరు రేపు 6.6కో 6.12కో వెళ్ళినప్పుడు దీనికి అద్దంలో బొమ్మ లాంటిది ఎదురవుతుంది. 6.5లో పీటర్ జిల్‌స్ట్రా గార్డ్ అని తెచ్చారు, గార్డ్ మ్యూటెక్స్ అని ఒక్క లైను రాస్తే స్కోప్ అయిపోగానే అన్‌లాక్ దానంతట అదే జరుగుతుంది. అప్‌స్ట్రీమ్‌లో ఫంక్షన్‌ని గార్డ్‌కి మార్చి ఉంటారు, మీ ప్యాచ్‌లో పాత పద్ధతిలో అన్‌లాక్ చేసి రిటర్న్ అని ఉంటుంది, రెండూ శుభ్రంగా మెర్జ్ అవుతాయి, రెండుసార్లు అన్‌లాక్ అవుతుంది. గార్డ్, గోటూ క్లీనప్ ఒకే ఫంక్షన్‌లో కలపొద్దని ఆ హెడర్ ఫైల్ కామెంట్లోనే రాసి ఉంది, కానీ మెర్జ్ టూల్ కామెంట్లు చదవదుగా.

అందుకే కాన్‌ఫ్లిక్ట్ లిస్ట్‌ని నమ్మకుండా మీ లిస్ట్ మీరు చేసుకోవాలి. మెర్జ్ బేస్ నుంచి మన వైపు మారిన ఫైళ్ళ పేర్లు ఒకచోట, వాళ్ళ వైపు మారినవి ఒకచోట తీసి, కామ్ కమాండ్‌తో రెండింట్లో ఉన్నవి పట్టండి. ఆ ఫైళ్ళన్నీ, కాన్‌ఫ్లిక్ట్ వచ్చినా రాకపోయినా, రెండువైపులా ముట్టుకున్న ఫంక్షన్లు పైనుంచి కింద దాకా చదవాలి, డిఫ్ కాదు, ఫంక్షన్ మొత్తం. చాలా అనిపిస్తుంది కానీ అడుగడుగునా స్టేబుల్ మెర్జ్ చేసుకుంటూ పోతే ఇవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. దూకుడుగా వంద రిలీజ్‌లు ఒకేసారి లాగితే మాత్రం ఎవరూ చదవరు, చదివామని చెప్తారు అంతే. ఒక్కో స్టేబుల్ ట్యాగ్‌ని విడిగా మెర్జ్ చేస్తే ఇంకో లాభం, హ్యాంగ్ వచ్చినప్పుడు బైసెక్ట్ (ఏ మార్పుతో వచ్చిందో సగం సగం చేసి వెతకడం) చేయడానికి మెట్లు ఉంటాయి.

ఫైల్ కూడా ఒకటి కాకపోతే? అంటే రూల్ మారింది వేరే ఫైల్లో, మీ కోడ్ ఉన్నది వేరే చోట. దీనికి గిట్ లాగ్‌లో పెద్ద జీ ఆప్షన్‌తో లాక్‌డెప్_అసర్ట్_హెల్డ్ (ఈ లాక్ చేతిలో ఉండాలి, లేకపోతే వార్నింగ్ ఇవ్వు అనే లైను) అనే పదం వెతకండి, బేస్ నుంచి వాళ్ళ వైపు రేంజ్‌లో. ఎవరైనా ఆ అసర్ట్ కలిపారు లేదా తీసేశారు అంటే ఆ ఫంక్షన్ ఒప్పందం మారిందని వాళ్ళే చెప్తున్నట్టు. ఆ ఫంక్షన్లని మీ ప్యాచ్‌లు ఎక్కడైనా పిలుస్తున్నాయేమో చూడండి.

ఇందులో అప్‌స్ట్రీమ్ వాళ్ళు మనకి చేసే మేలు ఒకటుంది, చాలామంది గమనించరు. 5.8లో ఎంమ్యాప్_సెమ్ పేరుని ఎంమ్యాప్_లాక్ అని మార్చి రేపర్ ఫంక్షన్లు పెట్టారు, 6.3లో వీఎం_ఫ్లాగ్స్‌ని నేరుగా రాయకుండా కాన్‌స్ట్ చేసి వీఎం_ఫ్లాగ్స్_సెట్ వాడమన్నారు. పాత డ్రైవర్లన్నీ బిల్డ్ విరిగి అందరూ తిట్టుకున్నారు. కానీ ఆ విరగడం వల్లే పాత రూల్ మీద రాసిన కోడ్ ప్రతి చోటా మన కంటపడింది. వీఎం_ఫ్లాగ్స్ మార్పైతే మామూలు రీనేమ్‌లా కనిపించినా 6.4 నుంచి ఆ సెట్ ఫంక్షన్ లోపల వీఎంఏ రైట్ లాక్ తీసుకుంటుంది, కాన్‌స్ట్‌ని క్యాస్ట్ చేసి పాత పద్ధతిలోనే రాసిన ప్రబుద్ధుల కోడ్ నేను చూశాను, ఆ లాక్ మొత్తం తప్పించుకుపోయినట్టే. ఎక్స్‌పాండ్_స్టాక్ ఆర్గ్యుమెంట్లు మారడం కూడా ఇలాంటి మేలే మీకు. కాబట్టి మెర్జ్ తర్వాత లాక్ సంబంధం ఉన్న ఫంక్షన్ దగ్గర కంపైల్ ఎర్రర్ వస్తే టైప్‌లు కలిపేసి ముందుకెళ్ళకండి, సిగ్నేచర్ ఎందుకు మార్చారో కమిట్ తీసి చదివాకే చేయి పెట్టండి.

పేరు మారకుండా అర్థం మారేవి ఉంటాయి, వాటికి ఈ రక్షణ లేదు. మీకే రాబోయేది చెప్తా: 6.4లో సురేన్ బాగ్దసార్యన్ పని వల్ల పర్-వీఎంఏ లాక్‌లు వచ్చాయి. అప్పట్నుంచి పేజ్ ఫాల్ట్ చాలాసార్లు ఎంమ్యాప్ లాక్ అసలు తీసుకోకుండా, ఆ ఒక్క వీఎంఏ లాక్‌తోనే నడుస్తుంది. ఫాల్ట్ దారిలో మీవాళ్ళు పెట్టిన కోడ్ ఏదైనా పక్క వీఎంఏలని నడుచుకుంటూ చూస్తోందా, ఎంమ్యాప్ లాక్ ఉంది కదా అనే ధైర్యంతో? అది మెర్జ్ అవుతుంది, బిల్డ్ అవుతుంది, నడుస్తుంది, రేస్ అవుతుంది. దీనికి నాకు తెలిసిన మార్గం, మెర్జ్ కంటే *ముందే* మీ సొంత ప్యాచ్‌లన్నింట్లో వాళ్ళు నమ్ముకున్న రూల్‌ని అసర్ట్‌గా రాసేయడం. ఎంమ్యాప్_అసర్ట్_లాక్డ్, లాక్‌డెప్_అసర్ట్_హెల్డ్, ఒక్కో లైను. పాత ట్రీలోనే పెట్టి రన్ చేయండి, అక్కడ నిశ్శబ్దంగా ఉండాలి. మెర్జ్ తర్వాత అరిస్తే రూల్ మారింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకుండా ఉండటానికి ఇంతకంటే తక్కువ ఖర్చు పని లేదు, అయినా మేనేజర్లకి దీనికి టైమ్ ఇవ్వడం ఇష్టం ఉండదు, ఎందుకో.

స్పిన్‌లాక్, రా స్పిన్‌లాక్ తేడా గురించి క్లుప్తంగా. మామూలు కెర్నల్లో రెండూ ఒకటే, అందుకే కాన్‌ఫ్లిక్ట్‌లో ఏది ఉంచినా తేడా కనపడదు. ప్రీఎంప్ట్ ఆర్టీ అనే రియల్‌టైమ్ మోడ్ ఆన్ చేస్తే (6.12 నుంచి మెయిన్‌లైన్‌లోనే ఉంది) మామూలు స్పిన్‌లాక్ నిద్రపోయే లాక్ అయిపోతుంది, ఐఆర్‌క్యూ చిప్ కాల్‌బ్యాక్‌లు రా స్పిన్‌లాక్ కింద నడుస్తాయి, అక్కడ మామూలుది తీసుకుంటే బగ్. కాబట్టి జీపీఐఓ, ఇంటరప్ట్ కంట్రోలర్ డ్రైవర్లలో ఒకవైపు రా అని కనిపిస్తే ఆ రా ఊరికే రాలేదని అనుకోండి, అదే ఉంచండి. ఆర్టీ లేకుండానే ఇవి పట్టాలంటే ప్రూవ్_రా_లాక్_నెస్టింగ్ కాన్‌ఫిగ్ ఉంది.

కెర్నల్/లాకింగ్ డైరెక్టరీ లోపలే మీ సొంత ప్యాచ్ ఉందా? ఉంటే నిజం చెప్పాలంటే తీసేయడానికి ప్రయత్నించండి. 5.3లో ఆర్‌డబ్ల్యూసెమ్-ఎక్స్‌యాడ్ ఫైల్ ఆర్‌డబ్ల్యూసెమ్.సిలో కలిసిపోయింది, 5.15లో ఆర్‌టీమ్యూటెక్స్ ఫంక్షన్లు కొన్ని వేరే ఫైల్‌కి వెళ్ళాయి. 4.x కాలం నుంచి మోసుకొస్తున్న ప్యాచ్ అయితే గిట్ "మీరు మార్చారు, వాళ్ళు డిలీట్ చేశారు" అంటుంది, చాలామంది ఆ డిలీటైన ఫైల్‌ని తిరిగి బతికించి మేక్‌ఫైల్‌లో లేకుండా వదిలేస్తారు, ప్యాచ్ ట్రీలో ఉంటుంది కానీ కంపైల్ కాదు. పైగా ఆ కోడ్‌లో మెమరీ బ్యారియర్లు (చదవడం రాయడం ఏ వరసలో జరగాలో కట్టడి చేసేవి) జంటలుగా ఉంటాయి, ఇటు స్టోర్ రిలీజ్ ఉంటే ఎక్కడో అటు లోడ్ అక్వైర్ ఉంటుంది, ఒకటి జరిగితే రెండోదాన్ని చూడాలి. కామెంట్లో పెయిర్స్ విత్ అని ఎవరితో జతో రాసి ఉంటుంది, ఆ కామెంట్ కాన్‌ఫ్లిక్ట్‌లో పోనివ్వొద్దు. ఎక్స్86 మీద టెస్ట్ చేసి ఓకే అనుకోవద్దు, మీది ఆర్మ్64, అక్కడ ఆర్డరింగ్ చాలా వదులు.

టెస్టింగ్‌కి రెండు బిల్డులు పెట్టండి. ఒకటి మీ ప్రొడక్షన్ కాన్‌ఫిగ్. రెండోది ప్రూవ్_లాకింగ్, డీబగ్_అటామిక్_స్లీప్, కేఏశాన్ అన్నీ ఆన్ చేసింది, నెమ్మదిగా నడుస్తుంది, పర్లేదు. స్పిన్‌లాక్ పట్టుకుని జీఎఫ్‌పీ_కెర్నల్‌తో (అవసరమైతే నిద్రపోయే పద్ధతి) మెమరీ అడిగే కోడ్ మెర్జ్ వల్ల పుడుతుంటుంది, ఒకవైపు మ్యూటెక్స్‌ని స్పిన్‌లాక్ చేస్తారు, ఇంకోవైపు ఆ మధ్యలోనే కేమాలోక్ కలుపుతారు. డీబగ్_అటామిక్_స్లీప్ దాన్ని పట్టేస్తుంది. లాక్ ఆర్డర్ తిరగబడితే లాక్‌డెప్ పాజిబుల్ సర్క్యులర్ లాకింగ్ డిపెండెన్సీ అంటుంది, నిజంగా డెడ్‌లాక్ అవ్వక్కర్లేదు, రెండు దారులూ విడివిడిగా ఒక్కోసారి నడిస్తే చాలు. ఏ ఆర్డర్ కరెక్టో తెలియకపోతే ఎంఎంలో ఆర్‌మ్యాప్.సి, ఫైల్‌మ్యాప్.సి ఫైళ్ళ మొదట్లో పెద్ద కామెంట్లుగా ఆ వరస రాసి ఉంది, ప్రింట్ తీసి గోడకి అంటించుకునేంత విలువైనవి.

ఒక్క జాగ్రత్త, లాక్‌డెప్ మొదటి వార్నింగ్ ఇచ్చాక తనని తాను ఆపేసుకుంటుంది, ఆ బూట్‌లో ఇక మాట్లాడదు. మీ ట్రీలో పాత డ్రైవర్ వార్నింగ్ ఒకటి బూట్‌లోనే వస్తుంటే, "అది మామూలేలే" అని వదిలేసి ఉంటే, ఆ తర్వాత మీరు చేసిన టెస్ట్ అంతా లాక్‌డెప్ లేకుండా చేసినట్టే. ప్రాక్ లాక్‌డెప్_స్టాట్స్‌లో డీబగ్_లాక్స్ విలువ 1 ఉందా 0 ఉందా టెస్ట్ చివర్లో చూడండి. 0 అయితే ఆ రిజల్ట్ పక్కన పడేయండి, ముందు ఆ పాత వార్నింగ్ సంగతి చూడండి.

మీరిప్పుడు చేయాల్సిన వరస: ఆ నాలుగు లైన్ల రికర్షన్ ప్రోగ్రామ్‌తో హ్యాంగ్ తెప్పించండి, రీమెర్జ్‌డిఫ్ తీయండి, ఫాల్ట్.సిని అప్‌స్ట్రీమ్‌కి తెచ్చి మీ మార్పు తిరిగి రాయండి, మళ్ళీ అదే ప్రోగ్రామ్ నడపండి. ఆవర్స్ కొట్టిన ఫైళ్ళు ఇంకేమైనా ఉంటే అవన్నీ ఇదే పద్ధతి. మెర్జ్ మొత్తం మళ్ళీ చేద్దామనుకుంటే నాకు అదే మంచిదనిపిస్తోంది, కానీ ముందు గిట్‌లో రెరెరె ఆన్‌లో ఉందేమో చూసుకోండి బ్రదర్, ఉంటే మీ పాత రిజల్యూషన్లు అది గుర్తుపెట్టుకుని ఉంటుంది, మళ్ళీ మెర్జ్ చేయగానే అవే తెచ్చి పెట్టేస్తుంది. కాన్‌ఫ్లిక్ట్ తెరిచి ఉన్నప్పుడే ఆ ఫైల్ పేరుతో రెరెరె ఫర్గెట్ కొట్టి, అప్పుడు మొదలుపెట్టండి. లాక్‌డెప్ ఏమైనా అరిస్తే స్ప్లాట్ (ఆ వార్నింగ్ టెక్స్ట్) మొత్తం ఇక్కడ పెట్టండి, మొదటి పది లైన్లు కాదు, కింద ఉండే లాక్‌ల లిస్టే నాకు కావాల్సింది.